పదకొండు అడుగుల గాలి

చిన్నప్పుడు నన్ను దేవాంగపిల్లీ అని పిలిచేవాళ్ళు.
కళ్ళు పెద్దవి, కాళ్ళు పుల్లలు,
పైగా నేసేవాళ్ళ ఇంట్లో పుట్టినోణ్ణి,
హిందూపురం బళ్ళో ఆ పేరు బంకలా అంటుకుంది.
ఆ జంతువు ఎట్లుంటుందో పిలిచినవాళ్ళకీ తెలీదు.
మా నాన్న చౌడప్పనడిగితే
"రాత్రంతా రెప్పెయ్యకుండా మేలుకునేది ఏదైనా మనదేలేరా" అన్నాడు.

యాభై రెండో ఏట చూశాను.
యలహంకలో, యూనివర్సిటీ గోడ వెనక మా వీధిలో,
రెండో షిఫ్టు దిగి
చెవుల్లో పవర్‌లూమ్ ఇంకా ఆడుతుండగా.

చెట్ల కింద ఆరుగురు, నోటుబుక్కు, గుసగుసలు.
దొంగలనుకున్నా.
ముబీనా అనే పిల్ల టార్చికి ఎర్ర కాగితం చుట్టి
"తెల్ల వెలుతురు దానికి నొప్పి, అంకుల్" అంటూ
కానుగ కొమ్మ మీదికి ఎత్తింది.
రెండు రాగి బొత్తాలు.
వాటి చుట్టూ మెల్లగా ఒక ముఖం కూడుకుంది.
బడి ఫోటోలో నాదే.

దానికి దూకడం రాదు.
ఒక కొమ్మ చేతికందాకే ఇంకో కొమ్మను వదుల్తుంది.
అంత జాగ్రత్తను నేను మగ్గం ముందే చూశాను.

మొన్న వేసవిలో కరెంటోళ్ళు కొమ్మలు నరికి పోయారు.
కానుగకీ, ఎదురింటి కెంపమ్మ నేరేడుకీ మధ్య
పదకొండు అడుగుల గాలి మిగిలింది.
పురుగులన్నీ నేరేడులో,
ఇది కానుగలో.
ప్రతి రాత్రీ కొస దాకా వచ్చి
చెయ్యి చాపి
గాలిని ఒకసారి తడిమి
వచ్చిన దారినే, వెనక్కి.
తెగిన పోగు కొసను వెతికే చెయ్యి అది.
నాకు ఆ చెయ్యి తెలుసు.

ఆదివారం కెంపమ్మ గేటు దగ్గర చేరాం.
అపశకునం అన్నాడొకాయన.
దాని కళ్ళు మందుకి అమ్మితే ఎంతొస్తుందో అన్నాడింకొకడు, నవ్వుతూ.
ఎవరూ నవ్వలేదు.
లైన్‌మన్ సిద్దలింగు
తీగకి ఎంత ఎడంగా కట్టాలో చేత్తో కొలిచి చూపి
"ఆ కొమ్మ కొట్టింది నేనే" అన్నాడు, నేల చూస్తూ.
కెంపమ్మ పళ్ళు లేని నోటితో "కట్కో" అంది, అంతే.

కొబ్బరి తాడు, రెండు పేటలు.
వాళ్ళేవో ముళ్ళు వేశారు, జారాయి.
అప్పుడు నేను ఎక్కాను.
పాత పడుగుకి కొత్త పడుగు అతికే ముడి,
లాగేకొద్దీ బిగిసేది,
ముప్పయ్యేళ్ళుగా మిషన్లు నా వేళ్ళనడగని ముడి.

పంతొమ్మిది రాత్రులు బుక్కులో రాశాం: తాడు మీద ఎవరూ లేరు.
ఉడతలు నడిచాయి. ఎవరో తడి తువ్వాలు ఆరేశారు.
ఇరవయ్యో రాత్రి నేను షెడ్డులో ఉన్నాను.
వాచ్‌మన్ తిలక్ చూశాడు.
రెండూ ఇరవై అని టైమేసి, పేరు తెలీక
పక్కన రెండు సున్నాలు గీశాడు.

పొద్దున నిచ్చెనేసి తాడు వాసన చూశాను.
ఘాటుగా, ఉచ్చ వాసన.
"దాంతోనే చేతులు తడుపుకుని నడుస్తుంది, అది దాని సంతకం" అంది ముబీనా.

తాడు మీద దాన్ని నేనింకా చూళ్ళేదు.
నేరేడు మొదట్లో మాత్రం
రోడ్డు వెడల్పు చేసేవాళ్ళ తెల్లరంగు నంబరుంది, పద్నాలుగు.
ఈ వారం కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాం.
వంద దాటాయి.
నా సంతకం పెట్టాల్సిన చోట
చిన్నప్పటి పేరు రాసి,
కొట్టేసి,
మళ్ళీ అదే రాశాను.