పిండిమంచు

అక్టోబరు ఆఖరున ఏటా
బడి హాల్లో తెల్లదుప్పటి కట్టి ఆ సినిమా వేస్తారు.
బూడిదరంగు కొండ, బూడిదరంగు ఆకాశం.
వంతెనకి ఇవతల నలభై మంది.
అవతల, లెక్కపెట్టే తీరిక కూడా ఇవ్వనంత మంది.

పిల్లలు గుమ్మడిగింజలు కొరుకుతూ చూస్తారు.
నేను గోడకి ఆనుకుని నిలబడతాను.
కూర్చుంటే నాన్న రావడం కంటికి ఆనదు.

ఆ మంచు మంచు కాదు.
అది జూలై. బండ మీద చెయ్యి వేస్తే
చర్మం అంటుకుపోయే ఎండ.
ఏథెన్స్ నుంచి వచ్చిన లారీ
అరవై బస్తాల గోధుమపిండి దించింది.
పురుగు పట్టినదేలెమ్మన్నారు.
మాకది మొక్కజొన్న రొట్టె కూడా కొలుచుకు తిన్న ఏడు.
కొండంతా పిండి చల్లుతుంటే
నాయనమ్మ అగోరో శిలువ గీసుకుంది.
"పాపం, పాపం" అంటూనే
చీపురు ఎక్కడుందే అని అడిగింది.

సాయంత్రం కెమెరాకి గుడ్డ కప్పగానే
ఆడవాళ్ళు యుద్ధభూమిని ఊడ్చేవారు.
జల్లెడలో ఉత్తుత్తి తూటాల గొట్టాలు,
సిగరెట్ పీకలు, చీమలు,
ఒకసారి మేజరుగారి కోటు గుండీ.
కిందికి దిగింది రొట్టె.
పంటి కింద ఇసుక కరకరమన్నా
ఆ వేసవంతా కడుపునిండా మంచు తిన్నాం.

నెత్తురు ద్రాక్షపాకం.
నలుపు తెలుపు బొమ్మకి ఎరుపు దండగ అన్నాడు దర్శకుడు.
చచ్చినవాళ్ళ చొక్కాలు మేం నాకేవాళ్ళం.
చక్కిలిగిలికి శవం నవ్వితే
మళ్ళీ మొదటినుంచి చావాలి.

ఊళ్ళో మగాళ్ళు ఉన్నదే యాభై ముగ్గురు.
పొద్దున మనవాళ్ళు.
భోజనాలయ్యాక టోపీలు మార్చుకుని పగవాళ్ళు.
కెమెరా ముందునుంచి పరిగెత్తి
బండ వెనకగా చుట్టు తిరిగి
రొప్పుతూ మళ్ళీ ముందుకే.
పది చుట్లు తిరిగితే అయిదువందల దండు.
కూలి మాత్రం ఒక్కడిదే.

మా నాన్న స్తమూలిస్ ఎడమకాలు ఈడ్చేవాడు.
అసలు యుద్ధంలో, అసలు మంచులో
మూడు వేళ్ళు వదిలేసిన కాలు.
తర్వాత అన్నదమ్ములు కొట్టుకున్న యుద్ధంలో
అది ఎటువైపు నడిచిందో
మా ఇంట్లో ఎవరం అడగం.
మిల్లు కిత్సోస్ నడిచింది రెండోవైపు.
ఇద్దరికీ తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు.

దర్శకుడికి ఇదంతా ఏం తెలుసు!
ఇద్దర్నీ ఒకే గోతిలోకి దింపాడు.
ఒకే అగ్గిపుల్లతో
రెండు సిగరెట్లు వెలిగించుకోమన్నాడు.
పదకొండుసార్లు తీశారు.
పదిసార్లు పుల్ల ఆరిపోయింది,
గాలి లేదు ఆ రోజు.

ఇదిగో, ఇప్పుడు చూడండి.
గోతిలోంచి నాన్న తుపాకి గురిపెడతాడు.
బొమ్మ మారుతుంది.
కొండ కింద మందలోంచి ఒకడు
ఎడమకాలు ఈడ్చుకుంటూ ఎక్కుతున్నాడు.
ఢాం.
హాలంతా ఈలలు.

పోయినేడు ముందువరసలో ఒక కుర్రాడు అరిచాడు:
"ఒరే, ఆ కుంటోడు ఇందాకే చచ్చాడు!"
అందరూ నవ్వారు.
వాడి లెక్క సరైనదే.
నాన్న అటువైపు మూడుసార్లు, ఇటువైపు ఒకసారి చస్తాడు.
మంచంలో, దగ్గుతో, ఆ తర్వాతి చలికాలం చచ్చింది
ఏ లెక్కలోనూ లేదు.

చివర్లో నలభై మందీ పడిపోతారు.
ఎక్కడో ఒక్క బాకా.
శవాల మీద మెల్లగా మంచు కురుస్తుంది,
నిచ్చెనెక్కి కిత్సోస్ పెళ్ళాం జల్లిస్తున్న మంచు.
ఈ పాటికి పిల్లలు చెప్పులు వెతుక్కుంటుంటారు.

నేను కదలను.
ఎడమనుంచి నాలుగో శవం.
కళ్ళు మూసుకునే ఉంటాయి.
పెదవి మీద ఇంత పిండి పడుతుంది.
నాలుక కొస బయటికొచ్చి
దాన్ని తీసుకుని
లోపలికి వెళ్ళిపోతుంది.

ఎవరో లైటు వేస్తారు.