రెండు వందల పదకొండు

పుట్టిన ఊరి దగ్గరే మొదలైంది చిక్కు.
జట్టు పుస్తకాలన్నిట్లో స్లేట్ నారోస్ అని ఉంది.
అది రైలు ఆగే చోటు, అంతే.
ఒర్వో లాక్సొనెన్ పుట్టింది అక్కడికి పదకొండు మైళ్ళ అవతల,
చెట్లు కొట్టేవాళ్ళ శిబిరంలో, ఆవిరి స్నానాల గదిలో.
చర్చి రిజిస్టర్లో ఫిన్నిష్ పాస్టరు ఒకే ఒక్క మాటలో రాసిపెట్టాడు.
మంచు మీద బతికినవాడు
చెమటలు కక్కే చెక్కగదిలో కళ్ళు తెరిచాడని
రాయబోయి కొట్టేశాను.
ఆ సొగసు నాది, అతనిది కాదు.

జీవితచరిత్ర రాసింది నేను కాదు.
రాసినాయన టొరంటోలో ఉంటాడు. ధారాళమైన చెయ్యి.
ఆయన వాక్యాల పక్కన
పెన్సిలుతో ప్రశ్నార్థకాలు పెట్టడం నా ఉద్యోగం.
ఎవరు చెప్పారు? వాళ్ళప్పుడు అక్కడ ఉన్నారా?

ఊడిన పళ్ళు మూడో అధ్యాయంలో ఏడు,
ఎనిమిదో అధ్యాయంలో తొమ్మిది.
పళ్ళ డాక్టరు ఖాతాలో ఐదే.
చెల్లెలు హెల్వికి ఎనభై ఏడేళ్ళు, ఫోన్లో నవ్వింది:
"తను ఊడగొట్టినవీ కలుపుకునేవాడు."

బరువు నూట ఎనభై పౌండ్లు.
తూకం రోజున కోటు జేబుల్లో
నాలుగు పక్‌లు వేసుకుని త్రాసెక్కాడట.
పక్ ఒక్కోటి ఆరు ఔన్సులు.
కాగితం మీద తీసేసి చూశాను, నూట డెబ్భై ఎనిమిదిన్నర.
ఇది కూడా ఒక్కరి మాటే కదా,
ఆ లెక్కని మార్జిన్లోనే వదిలేశాను.

ఇక గోల్స్. రెండు వందల పన్నెండు.
ఊళ్ళో రింక్ గోడ మీద మనిషంత ఎత్తున
నీలం రంగుతో ఉంది ఆ అంకె.
యాభై ఏడు, ఫిబ్రవరి, మూడో గోల్.
రచయిత దానికి రెండు పేజీలిచ్చాడు,
నీలిగీత దగ్గర్నించి పక్ ఈల వేసుకుంటూ వెళ్ళిందట.

స్కోరరు కూతురి ఇంట్లో, నేలమాళిగలో,
క్రిస్మస్ దీపాల కింద ఉన్న పెట్టెలో
దొరికింది ఉత్తరం.
"అయ్యా, మూడోది నాది కాదు.
టెస్సియే స్కేటుకి తగిలి లోపలికి పోయింది.
నేను చూశాను. దయచేసి మార్చండి."
పైన 'అందినది' అన్న ముద్ర.
ఎవరూ ఏమీ మార్చలేదు.

ఆ ఏడు అతనికి ఇరవై గోల్స్.
ఇరవై కొడితే రెండు వందల డాలర్ల బోనసు.
ఉత్తరం ప్రకారం పంతొమ్మిదే.
చెక్కు తీసుకున్నాడా?
తీసుకున్నాడు. ఏప్రిల్ తొమ్మిదిన. సంతకం ఉంది.

రచయిత ఫోన్ చేశాడు.
"ఉత్తరం పెడదాం, చెక్కు వద్దు."
రెండూ పెడదామన్నాను.
అవతల చాలాసేపు చప్పుడు లేదు.
"నిజాయితీపరుడని రాశాను కదమ్మా," అన్నాడు చివరికి.
ఉత్తరం రాసిన రోజున నిజాయితీపరుడే, అన్నాను.
ఏప్రిల్లో ఇంటద్దె ఎంతో నాకు తెలియదు,
వెతుకుతున్నాను.

మార్చిన పేజీలు హెల్వికి చదివి వినిపించాను.
పన్నెండు పోయి పదకొండు వచ్చిన చోట
ఉలిక్కిపడుతుందనుకున్నాను.
ఆమె ఆపింది వేరే చోట.
"ఆ ఆట శనివారం అని రాశావు.
శనివారం మాకు ఆవిరి స్నానం.
వాడు ఇంట్లోనే ఉన్నాడు, మణికట్టుకి కట్టు కట్టుకుని.
తడవకుండా చెయ్యి పైకెత్తి కూచున్నాడు.
ఆట శుక్రవారం."

కేలండరు తీశాను. ఫిబ్రవరి పదిహేను, శుక్రవారం.
ఆ తప్పు రచయితది కాదు, నాది.

ఏ చెయ్యి? అనడిగాను.
ఉత్తరంలో అక్షరాలు ఎడమకి వాలిపోయి,
బడిలో కొత్తగా చేరినవాడి రాతలా ఉన్నాయి మరి.
కుడిచేతికి కట్టు ఉంటే,
నొప్పితో ఎడమచేత్తో కూడబలుక్కుంటూ
"నాది కాదు" అని రాసి ఉంటే...

హెల్వి ఆలోచించింది.
ఫోన్లో కెటిల్ మరిగే చప్పుడు, ఆగిపోయే చప్పుడు.
"గుర్తు లేదు," అంది.

శనివారాన్ని రబ్బరుతో చెరిపి
శుక్రవారం రాశాను.
చెయ్యి సంగతి దగ్గర
చిన్నగా, పెన్సిలుతో:
తెలియదు.