మెట్ల లెక్క

అల్లిపురం ఆఫీసుగదికి అద్దె నూటిరవై ఉన్న ఏడు
శీరాపు చంద్రమౌళి గారు మొదటిసారి గెలిచారు.
నన్ను టైపిస్టుగా పెట్టుకున్నారు.
మిషనులో 'ధ' అరిగిపోయి ఉండేది.
'విధేయుడు' అని కొట్టిన ప్రతిసారీ
ఆ ఒక్క అక్షరం నేనే పెన్నుతో దిద్దేవాణ్ణి.

ఆరు గెలుపులు, నడుమ రెండు ఓటములు.
సమతా ఎక్స్‌ప్రెస్‌లో కింది బెర్తు,
సంచిలో రైల్వే గుమాస్తాలకి మాడుగుల హల్వా,
ఫైల్లో ఒకటే ప్రశ్న:
కంచరపాలెం వెనక పట్టాల మీదుగా
కాలినడక వంతెన ఎప్పుడు?

సభలో ఆయన మాట్లాడిందంతా కలిపితే
ఓ సినిమా అంత కూడా రాదని పత్రికల వాళ్ళు రాశారు.
నిజమే. మిగతా కాలమంతా ఆయన
ఎవరెవరి వరండాల్లోనో నిలబడే ఉన్నారు.

జవాబు ఆయన కన్నా ముందే నాకు కంఠతా వచ్చేసింది.
పరిశీలనలో ఉంది.
మంత్రులు మారారు, కింద సంతకం పెట్టేవాడి జుట్టు నెరిసింది,
పరిశీలన మాత్రం పడుచుగానే ఉంది.

ఎర్రయ్యమ్మ చేపల తట్టతో గూడ్సుబండి కింద దూరి
ఇవతలికి తేలేది.
"ఏటి బాబూ, మీ వొంతెన డిల్లీలోనే కట్టీసినారా?"
అని ఓసారి అందరి ముందూ అడిగేసింది.
ఆయన నవ్వారు. ఆ రాత్రి
నా చేత మూడు ఉత్తరాలు కొట్టించి
మూడోది చింపేశారు.

అలాగని మచ్చలేని మనిషని అనను.
పోర్టు కాంట్రాక్టుకి సిఫార్సు ఒకటి ఈ వేళ్ళతోనే కొట్టాను.
దాంట్లో 'ధ' దిద్దలేదు.
ఎందుకు దిద్దలేదని ఆయనా అడగలేదు.

మూడోసారి ఓడిపోయాక వంతెన వచ్చింది.
శిలాఫలకం మీద వేరే పేరు, బంగారు రంగులో.
షామియానా విప్పేశాక, దీపాలు వెలిగాక
నన్ను తోడు రమ్మన్నారు.
ఎనభై మూడేళ్ళ మోకాళ్ళు.
ఏడో మెట్టు మీద రెయిలింగు పట్టుకుని ఆగిపోయారు.
"ఎన్నున్నాయి సదానందం?"
పైదాకా ఎక్కి లెక్కపెట్టి దిగాను. యాభై నాలుగు.

"ఇన్నేళ్ళలో ఒక్క ప్రశ్నలోనూ
మెట్లెన్నని అడగలేదయ్యా."

పక్కనే, కంచెలో పాత సందు అలాగే ఉంది.
ఎర్రయ్యమ్మ కోడలు ఖాళీ తట్టతో అందులోంచి వస్తూ
ఆయన్ని పోల్చుకోలేదు.
"ఇలాగొచ్చీ తాతా, ఇప్పుడు బండి నేదు" అంది.

ఆయన నా వైపు ఒకసారి చూసి,
వంగి,
చెప్పులు చేత పట్టుకున్నారు.