గద్ద బిళ్ళలు

అయస్కాంతానికి టక్కున అతుక్కుంది.
కాలిన మోటారు విప్పేటప్పుడు
కిందపడ్డ మరలు ఏరుకునే అయస్కాంతం అది,
గూడూరు స్టేషను రోడ్డులో నా కొట్లో.
ఐదు ఫెన్నిగులు, 1917.
రాగి కాదు, నికెలు కాదు, వట్టి ఇనుము.

రాగి సంగతి నన్నడగండి,
ముప్పై ఏళ్ళుగా మోటార్లకు చుడుతున్నాను.
ఒక దేశం తన చిల్లరలోంచి రాగిని లాగేసుకుందంటే
అది తూటాలకు తొడుగైందని అర్థం.
తుప్పు గోటితో గీకితే
వేలికి నెత్తురు వాసన.
ఇనుముకి ఎప్పుడూ అదే వాసన,
అందులో వింతేం లేదు.

మొదటిది మాత్రం రాగిదే.
జేజి మొలతాడుకి ఉండేది,
బెజ్జం పొడిచిన ఒక్క ఫెన్నిగు.
గద్ద బిళ్ళ అనేది దాన్ని.
దిష్టి తగలకుండా వాళ్ళమ్మ కట్టిందంట.
ఎట్లా వచ్చిందే అంటే మూడు కథలు:
అభ్రకం కొనను వచ్చిన దొర పారేసుకున్నాడని,
నాయుడుపేట మిషను బళ్ళో
వాక్యం అప్పజెప్పితే ఇచ్చారని,
గని చెత్తలో తళుక్కుమంటే
కాకిబంగారమనుకుని ఏరుకున్నదని.
మూడూ చెప్పి, మూడింటికీ నవ్వేది.

జేజికి నీళ్ళు పోసిన రోజు
మొలతాడు తెంచి బిళ్ళ నా చేతిలో పెట్టారు.
ఎనభై ఏళ్ళ నడుము రాపిడికి
అక్షరాలన్నీ పోయినాయి.
గద్దకి ఒక రెక్క మిగిలింది.

అక్కడ పట్టుకుంది ఈ పిచ్చి.
కాదర్ మస్తాను పాత ఇనుప కొట్లో
బస్తా అడుగుదాకా చెయ్యి పెడతాను,
తూకానికే ఇస్తాడు, మంచోడు.

1923, ఐదొందల మార్కులు, అల్యూమినియం.
అరచేతిలో పెట్టి ఊదితే జరిగింది.
ముద్ర గుద్ది బజారుకు తెచ్చేలోపే
దానికి కోడిగుడ్డు రావడం మానేసింది.
పొద్దున ఒప్పుకున్న కూలే సాయంత్రం చేతికొస్తుంది,
అంకె అంకే,
కూడు మాత్రం సగం.
మా గని మేస్త్రీలకు ఆ విద్య తెలుసు,
వాళ్ళకు యుద్ధం కూడా అక్కర్లేకపోయింది.

1942, జింకు.
గద్ద కాళ్ళ కింద స్వస్తిక్.
"మన గుర్తే గదరా" అని
అమ్మ కుంకం భరిణె తెచ్చింది.
చెయ్యి పట్టుకున్నాను.
మన గడప మీదది కాదమ్మా ఇది.
"మరి ఎవురిది?"
నాకు తెలిసినంత చెప్పాను.
భరిణె మూత పెట్టి
చెయ్యి కొంగుకి తుడుచుకుంది,
బిళ్ళను ముట్టుకోకపోయినా.
ఆ జింకు తెల్లటి పొడి రాలుస్తుంది,
పక్కవాటికి అంటుతుంది.
వేరే డబ్బాలో వేశాను.
పారెయ్యమంది అమ్మ.
పారెయ్యలేదు.

1950, యాభై ఫెన్నిగులు.
తలగుడ్డ కట్టుకున్న ఆడమనిషి
మోకాళ్ళేసి మొక్క నాటుతోంది.
కాళిచేడు షెడ్లో అమ్మ అట్లనే కట్టేది,
అభ్రకం పొరపొరగా చీల్చేటప్పుడు
పొడి జుట్టులో పడకుండా.
పడేది.
రాత్రి దీపం దగ్గర
అమ్మ తల నిండా మిణుగురులు.
తెల్లార్లూ దగ్గు.

భూతద్దం చేతికిచ్చాను. చాలాసేపు చూసింది.
"మోకాళ్ళేసి నాటితే చేను ఎప్పటికయ్యేదిరా?
నడుం వంచమను."

షెడ్డు మూసిన నాడు
జీతం బాకీ కింద ఇచ్చిన అభ్రకం పలకలు
ఇంకా ఉండాయి అమ్మ ట్రంకుపెట్టెలో.
కత్తి నాకు లొంగదు, ఆమె వేళ్ళకే లొంగుతుంది.
పలకలోంచి రేకు, రేకులోంచి రేకు.
బిళ్ళకు పైనొకటి, కిందొకటి,
అంచు చుట్టూ నా వైండింగు టేపు.
చలిదేశాల్లో పొయ్యిలకు
ఈ రేకుతోనే కిటికీ పెట్టేవాళ్ళంట.
మంట కనపడాల,
చెయ్యి కాలగూడదు.

నిన్న కరెంటు పోయింది.
చీకట్లో టేపు తడుముకుంటుంటే
అమ్మ అంది,
"ఆ నాటే యమ్మికి మాత్రం రేకెయ్యబాకరా,
ఉక్కపోస్తాది."