ఆఫ్

ఈ ఊరికి వచ్చేనాటికి
ఆ మాట నాకు ఒక్క స్విచ్ మీదే తెలుసు.
నొక్కితే దీపం పోతుంది.
అంతకుమించి దానికి పనుందనుకోలేదు.

గ్రిమ్స్‌బీలో చేపల ఫ్యాక్టరీ, మొదటి వారం.
మోకాళ్ళ దాకా రబ్బరు ఏప్రన్,
చేతిలో జారిపోతున్న హాడక్ చేప,
ఉన్నట్టుండి చెవులు చిల్లులు పడే మోత.
"అలారం ఆఫ్!" అని అరిచారెవరో.
ఆఫ్ అన్నారుగా, ఆగిపోతుందిలే అని
నేను ముళ్ళు తీస్తూనే ఉన్నాను.
బల్లల చుట్టూ మనుషులు ఖాళీ అయ్యారు.
ఈనిడ్ వెనక్కి పరిగెత్తుకొచ్చి
నన్ను మోచెయ్యి పట్టి ఈడ్చుకుపోయింది.
బయట వానలో, తలమీది వల టోపీ పిండుకుంటూ
"గంట ఆఫ్ అయిందంటే మోగుతోందని, సెనాయిత్,
ఏం మనిషివే" అని తిట్టింది.

దీపానికి చావు, గంటకి పుట్టుక.
అస్మారాలో మా నాన్న గడియారాలు బాగుచేసేవాడు.
ఆగినదాన్ని ఆగిందనే అనేవాడు.

అప్పట్నించీ జేబులో చిన్న నోట్‌బుక్కు.
సీసా మూత తీసి, ముక్కు చిట్లించి
ఈనిడ్ పాలు ఆఫ్ అంటే, విరిగాయని.
ఆ సాయంత్రమే కోటు తగిలించుకుంటూ
నేనిక ఆఫ్ అంది.
విరిగిందేమోనని ఆమె మొహంలోకి చూశాను.
వెళ్తున్నానని అట.
సోమవారం ఆఫ్ అంటే సెలవని తెలిసి
సంతోషంగా రాసుకున్నాను గానీ
ఫిబ్రవరిలో పన్నెండుమందికి కవర్లొచ్చాయి,
వాటిలోనూ అదే మాట.
"సోమవారాలన్నీ నాకే ఇచ్చేశారు" అన్నాడు రిమాంటస్,
కత్తి కడిగి, తుడిచి, మళ్ళీ కడిగి.
ఆ పేజీలో ఇంకేం రాయలేదు.

తర్వాత ఒక బుధవారం క్యాంటీన్ టీవీలో
ఒక పడవ. లిబియాకి ఆఫ్, అని చదివింది వార్తలమ్మాయి.
నీలం పటం మీద ఎర్ర చుక్క,
నేల రంగుకి ఎంతో దగ్గరలో.
ఆ దగ్గరతనమే నాకు మింగుడుపడలేదు.

"ఆఫ్ అంటే ఎంత దూరం?" అన్నాను.
ఈదగలిగినంతా?
కేకేస్తే వినపడేంతా?
ఒడ్డున ఎవరో బట్టలారేసుకుంటుంటే
కనపడేంతా?

నా తమ్ముడి సంగతి ఈనిడ్‌కి ఎప్పుడూ చెప్పలేదు.
ఆమె టీకప్పు కింద పెట్టింది.
చెంచా తిప్పడం మాత్రం మానలేదు.
"మా నాన్న ఐస్‌లాండ్‌కి ఆఫ్" అంది,
ఇంటి నంబరు చెప్పినట్టు.
పదకొండేళ్ళట అప్పుడు తనకి.
చేపల కంపెనీ పంపిన కాగితంలో ఆ మాటే ఉందట.
వాళ్ళమ్మ స్కూలు అట్లాసు తెరిచి
తీరం మీద వేలు పెట్టి,
కొంచెం పక్కకి జరిపి, మళ్ళీ జరిపి,
ఎక్కడ ఆపాలో తెలీక
ఆ పేజీని అలాగే తెరిచి ఉంచేసిందట,
క్రిస్మస్ దాకా.
"నేల కనపడుతుంది. అందదు. అంత దూరం."

గంట మోగింది. ఈసారి మధ్యాహ్నం షిఫ్టుది.
మేమిద్దరం చేతులు కడుక్కున్నాం.

ఆ వారమే గది మారాను. కొత్త బస్సు.
ఎక్కడ ఆఫ్, అని అడిగాడు డ్రైవరు.
నా గొంతు పట్టేసింది.
వెనకనించి ఈనిడే అంది:
"ఈ పిల్ల ఫ్రీమన్ స్ట్రీట్‌లో ఆఫ్."
స్టాపొచ్చాక కూడా మెట్టు మీదే నిలబడిపోయాను
కడ్డీ పట్టుకుని.
ఈ అర్థం నా పుస్తకంలో లేదు.
"దిగడమే తల్లీ" అంది.
"కాలు నేలమీద పెట్టడం. అంతే."

ముందు ఎడమకాలు.
తడిసిన సిమెంటు పలకలు, చిప్స్ కాగితం,
గట్టిగానే ఉంది నేల.
రెండో కాలు కూడా పెట్టి
కాసేపు అక్కడే ఉన్నాను.
బస్సు కదిలింది. అద్దం వెనక ఈనిడ్
నాకేసి చెయ్యి ఊపుతూ ఏదో అంటోంది.
వినపడలేదు.
కింది పెదవి పై పళ్ళకి తగలడం,
దాని మీదుగా గాలి పోవడం
కనపడింది.