కొసరు

గిండీ లేబరేటరీ నుంచి నన్ను పిలిపించారు
సింహం పుర్రె కొలవడానికి.

ఇరవై రెండేళ్లుగా నా పని వేరు.
పెట్రోలు బంకుల్లో ఐదు లీటర్ల క్యాను,
షావుకారుపేటలో గాజుపెట్టెలోని బంగారం త్రాసు,
పాల బూత్ కొలపాత్ర అడుగున సొట్ట.
సొట్ట ఎవరు పెట్టారని అడగను.
ఎంత తగ్గిందో రాసి సంతకం పెడతాను.

వేపేరిలో పాత కాలేజీ, మేడ మీద మ్యూజియం.
అక్టోబరు వాన కిటికీ చెక్కల సందుల్లోంచి
లోపలి గాజు బీరువాల దాకా వచ్చేసింది.
పరాంకుశం గారు తాళం తీస్తూ అన్నారు:
"ప్రపంచంలో మూడోదమ్మా ఇది. రికార్డు పుస్తకంలో ఉంది.
ఇప్పుడు వాళ్లే మళ్లీ కొలిచి పంపమంటున్నారు."
పదో తరగతి మార్కులు ఇప్పుడు మళ్లీ దిద్దుతామన్నంత
నొప్పి ఆయన గొంతులో.

ఏళుమలై గుడ్డ విప్పాడు.
నుదుటి మీద నల్ల సిరా: పదిహేనూ ముప్పాతిక అంగుళాలు.
పక్కన చీటీలో ఊరి పేరు పురుగు తినేసింది,
చంపినవాడి పేరు సగం తిన్నది,
కొలతను మాత్రం ముట్టుకోలేదు.

ముందు నా పనిముట్టునే అనుమానించాలి. అది పద్ధతి.
కాలిపర్ దవడలు మూసి దీపానికి ఎత్తి పట్టాను.
మధ్యలో వెలుతురు గీత లేదు.
సున్నా సున్నాగానే ఉంది.

మూడొందల తొంభై ఎనిమిది పాయింట్ రెండు.
మళ్లీ, రెండు.
మళ్లీ, మూడు.
"వానకి ఎముక ఉబ్బుతుందమ్మా, తలుపులాగా,"
అన్నాడు ఏళుమలై.
ముప్పై ఏళ్లు దాన్ని తుడిచినవాడి మాట.
గాలిలో తేమ కూడా రాసుకున్నాను: ఎనభై ఒకటి.

ఎడమ కోర మొదట్లో
నా చిటికెన వేలు పట్టేంత గుంట.
చీము పట్టి, ఎముకను తిని,
అంచులు మళ్లీ నున్నగా మానిన గుంట.
అంటే ఆ పోటుతోనే చాలా కాలం వేటాడింది,
నమిలింది, ఆవులించింది.
ఫారంలో దానికి గడి లేదు.

వెనకవైపు గట్టు మీద గోటితో తట్టాను.
నుదురు ఒక మాట చెప్పింది, గట్టు ఇంకో మాట.
కుండలు కొనేటప్పుడు మా అమ్మమ్మ ఇలాగే
చెవి దగ్గర పెట్టుకుని తట్టేది.
సరేసు ఎప్పుడో పొడైపోయింది.
వేళ్లతో పట్టుకోగానే మూతలా ఊడి
అరచేతిలో పడింది,
ఎముక రంగు పూసిన ప్లాస్టర్, సరిగ్గా అర అంగుళం.

లోపలివైపు పెన్సిల్ రాత.
ఏళుమలైకి ఆ లిపి రాదు.
పరాంకుశం గారికి కళ్లజోడు దొరకలేదు.
నేనే పైకి చదివాను:
"దొరగారికి కొసరు. కోటిలింగం."

నవ్వొచ్చింది. పక్కన ఎవరూ నవ్వలేదు.
దొర అడిగాడా, ఇతనే వడ్డించాడా?
తోళ్లు నింపే ఏ దుకాణంలో, ఏ రోజుకూలీకి?
పప్పులు తూచేవాడు చివర్లో నాలుగు గింజలు జార్చినట్టు
చచ్చిన సింహానికి ఇంత తల జార్చాడు.
తన పేరు మాత్రం ఎవరూ చూడనిచోట పెట్టుకున్నాడు.

"మళ్లీ అతికించేస్తే..."
అన్నారు పరాంకుశం గారు, వానను చూస్తూ.
వాక్యం పూర్తి చేయలేదు. నేనూ చేయలేదు.

రెండు వరుసలు రాశాను.
ప్లాస్టర్‌తో ఇంత.
లేకుండా, మూడొందల ఎనభై ఐదు పాయింట్ ఐదు.
రిమార్కుల దగ్గర, ఎవరూ అడగకపోయినా,
కోర మొదట్లో గుంట, లోతు పద్నాలుగు మిల్లీమీటర్లు.
ప్లాస్టర్ ముక్కను అగ్గిపెట్టెలో దూది వేసి
పుర్రె పక్కనే పెట్టించాను.

ఎగ్మోర్ స్టేషన్ బయట గొడుగు కింద కనకాంబరాలు.
మోచేతి నుంచి వేలికొస దాకా ఆమె కొలిచింది.
ఆమె మూర పొట్టిది. రోజూ చూస్తాను, ఓ రెండంగుళాలు.
తెంపబోతూ ఆగి, ఇంకో నాలుగు వేళ్ల దండ
వదిలి తెంపింది.

సంచీలో కాలిపర్ ఉంది.
తడిసిన నోటు ఆమె చేతిలో పెట్టాను.