నూకరాజు చెవి

తెర మీద మూడు రంగులుంటాయని
ట్రైనింగులో చెప్పారు.
ఎరుపైతే, ఇప్పుడే లే.
పసుపైతే, లేస్తున్నావా?
నీలమైతే, నా సంగతి చూడు, వైరు ఊడింది.
మనిషికి ఏమైనా అయితే ఒక అరుపు,
మిషనుకే ఏమైనా అయితే ఇంకో అరుపు.
రెండూ వేరని కింద గీత గీసి మరీ రాసుకున్నాను.
ఆ నోట్సు అమలాపురం క్వార్టర్సులో ఉంది.
నేను వైనతేయ మధ్యలో ఉన్నాను.

కాజ్‌వే మునిగి మూడో రోజు.
పడవలో అడ్డంగా ఏసుమణి,
రొప్పుతూ, తల ఎత్తు మీద పెట్టుకుని.
కోడలు గొడుగు పట్టింది,
ఆమెకి కాదు, మిషనుకి.

కొబ్బరి పీచు తీసి తీసి కాయగాసిన వేలు.
క్లిప్పు నిలవదు.
జారిన ప్రతిసారీ ఒకటే గోల.
మొదటిసారి నా ప్రాణం గొంతులోకొచ్చింది.
రెండోసారి క్లిప్పు సర్దాను.
ఐదోసారికి నా వేలు దానంతటదే పోయింది
గంట బొమ్మ మీద అడ్డగీత ఉన్న మీటకి.
నొక్కితే రెండు నిమిషాలు నోరు మూసుకుంటుంది.
చెప్పినట్టు వింటుంది, పాపం.
నాడి కొట్టే చప్పుడు మాత్రం మిగిలింది,
టిక్కు, టిక్కు.

"అమ్మా, అది గొంతు మార్చింది,"
చుక్కాని దగ్గర్నుంచి నూకరాజు.
ఏది?
"ఆ టిక్కే. కిందికి దిగుతోంది."
తెర చూశాను. తొంభై రెండు.
తొంభై దిగితేనే కేక వెయ్యమని
హద్దు పెట్టింది నేనే.
బానే ఉంది, పోనీ, అన్నాను.
అతను పోనివ్వలేదు.
మోటారు ఆపేశాడు.

వరదలో, నడి ఏట్లో, మోటారు ఆపేశాడు!

తిట్టబోయి, విన్నాను.
పడవ పక్కన రాసుకునే నీళ్ళు,
గొడుగు మీద చినుకులు,
వాటి సందున రేవు మెట్లు దిగుతున్నట్టు
ఒక్కో టిక్కుకీ ఒక్కో మెట్టు.

ముక్కు దగ్గర మొదలెట్టి
ఆక్సిజన్ గొట్టం వెంబడి చెయ్యి పోనిచ్చాను,
చీకట్లో పాము తోకని తడిమినట్టు.
లంగరు తాడు చుట్ట కింద నలిగిపోయి ఉంది.
లాగేలోగా
ఎనభై తొమ్మిది. ఎనభై ఏడు.
ఎర్రదీపం వెలిగి ఆరుతోంది, మూగగా.
దాని నోరు నొక్కింది నేనే కదా.

తర్వాత ఎంతసేపో తెలీదు.
చప్పుడు ఒక మెట్టెక్కింది.
ఆగింది. ఇంకోటి ఎక్కింది.
కోడలు గొడుగు చెయ్యి మార్చుకుంది.

నూకరాజు మూడుసార్లు తాడు లాగితే గానీ
మోటారు అందుకోలేదు.
అప్పటికి చాలా దూరం కొట్టుకొచ్చేశాం,
తలలు మాత్రమే తేలిన ఏదో కొబ్బరితోట దాకా.

నీకెలా తెలిసిందయ్యా అంటే
"ముప్పై ఏళ్ళుగా దీని మాటే వింటన్నాను,"
మోటారు మీద చెయ్యి వేశాడు.
"ఆగిపోయే ముందు అరవదమ్మా ఇది.
గొంతు దిగుద్ది. అంతే."

గట్టు దీపాలు కనపడే వేళకి
బ్యాటరీ అయిపోవస్తోందని
మిషను పసుపు రంగులో గొణగడం మొదలెట్టింది.
నా వేలు మీట దాకా పోయింది.

వెనక్కి తీసుకున్నాను.
స్ట్రెచరు వచ్చిందాకా
గొణగనిచ్చాను.